డ్రాగన్ దిగే చోటు

నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. నీలం అట్టది, మహబూబాబాద్ స్టేషన్ ఎదురుగా ఉన్న కొట్లో కొన్నాను. మొదటి పేజీ నుంచి చివరిదాకా అందులో ఒక డ్రాగన్ గురించే ఉంటుంది. అది ఏం తింటుంది, ఎంత ఎత్తు ఎగురుతుంది, యుద్ధంలో దేనికి పనికొస్తుంది, ఎక్కడ కొడితే చస్తుంది. రాత నాది, తెలివి మా నాయినది. ఆ డ్రాగన్ కాళ్లకు స్పర్శ పోయిన సంగతి కూడా ఆయనే చెప్పాడు. నేను శ్రద్ధగా రాసుకుని కింద రెండు గీతలు కొట్టాను. ఆ కాళ్లు ఎవరివని మాత్రం అడగలేదు.

మాది తరిగొప్పుల దగ్గర ఓ పల్లె. నాయిన తాళ్లెక్కుతాడు, కల్లు గీస్తాడు. పదిహేనేళ్ల వయసులో తాత చేతి నుంచి చెట్టెక్కే మోకుతాడు అందుకున్నాడు, అప్పటి నుంచి రెండు పూటలా చెట్టు మీదే. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం వేళ్లకు సూది గుచ్చి షుగరు చూడడం నా పని. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. దీపం కింద చీకటి అని పెద్దలు ఊరికే అనలేదు.

డ్రాగన్ పుట్టింది భూపాలపల్లిలో. నా మొదటి ఉద్యోగం అక్కడే. రేగొండ దాటి బస్సు ముందుకు పోతుంటే దూరంగా పొగ కనబడేది. ఒకసారి తోటి ఉద్యోగి ఒకామె తన బండి మీద నన్ను బొగ్గు గని చూపిస్తానని తీసుకెళ్లింది. నేలను అంత లోతు తవ్వుతారని నేను అనుకోలేదు. కింద తిరిగే లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. పేల్చే ముందు సైరన్ మోగింది. కాసేపటికి కాళ్ల కింద నేల వణికింది, ఆ గుంతలోంచి బూడిద రంగు దుమ్ము మెల్లగా లేచింది. లోపల ఏదో పడుకుని ఉంది, వీళ్లు దాన్ని లేపుతున్నారు అనిపించింది. ఆ వారమే కథ మొదలుపెట్టాను. ఒక రాజు, భూమి లోపల దొరికిన ఒక డ్రాగన్, దాన్ని సాకే ఒక మనిషి, పక్క రాజ్యంతో యుద్ధం.

అక్కడున్నప్పుడే మొగుళ్లపల్లి వైపు ఊళ్లలో షుగరు క్యాంపులకు వెళ్లేవాళ్లం. మిరప చేలలోంచి అలాగే లేచి వచ్చేవాళ్లు జనం. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద ఉండేవి. దూప ఎక్కువ అయితుందా? తాగినా తీరట్లేదా? చూపు మసకగా ఉంటుందా? పుండ్లు మానట్లేదా? కాళ్లు తిమ్మిర్లా, మొద్దుబారినాయా, చెప్పు జారిపోతే తెలుస్తుందా? పది క్యాంపులు తిరిగేసరికి ఆ కాగితం నాకు కంఠతా వచ్చింది. ఎదుటి మనిషి ముఖం చూడకుండానే అడిగేసేదాన్ని.

తర్వాత మహబూబాబాద్‌లో ఉద్యోగం దొరికింది. హాస్టల్లో ఉంటూ, కథలు వినిపించే ఒక యాప్‌లో నా డ్రాగన్ కథను వారానికో భాగం చొప్పున నా గొంతుతోనే చదివి పెట్టడం మొదలుపెట్టాను. యాప్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి, సేనాపతులు తెలంగాణ యాసలో మాట్లాడితే నవ్వొస్తుందండీ, కావాలంటే వంటవాడికి ఆ యాస పెట్టుకోండి అంది. సినిమాల్లో ఇన్నేళ్లు చేసింది చాలదా అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. డ్రాగన్‌ను సాకేవాడికి, కథలో అందరికంటే తెలివైన మనిషికి, కావాలనే మా ఊరి మాట పెట్టాను. జనం నవ్వలేదు, ఆ సాకేవాడంటేనే ఎక్కువ ఇష్టపడ్డారు.

చిక్కు వేరే చోట వచ్చింది. ఒక శ్రోత ఇలా రాశాడు: రాజు దగ్గర డ్రాగన్ ఉన్నాక యుద్ధం మొదటి రోజే అయిపోవాలి కదా, ఇన్ని భాగాలు ఎందుకు సాగదీస్తున్నారు? నాకు ఒళ్లు మండింది. అతను అడిగింది సబబే కాబట్టి ఇంకా మండింది. ఆకాశంలోంచి నిప్పు కక్కే జంతువు ఉన్నాక కోటలెందుకు, సైన్యమెందుకు? నాలుగు రోజులు ఆలోచించినా జవాబు తట్టలేదు. బతుకమ్మ పండుగ వెళ్లిన వారం, ఆదివారం రైలెక్కి జనగామలో దిగి, ఆ ప్రశ్నను ఇంటికి పట్టుకుపోయాను.

నేను వెళ్లేసరికి నాయిన పొద్దుటి గీత ముగించుకుని వచ్చి రేకుల షెడ్డు కింద మంచం మీద కూర్చున్నాడు. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం, అవ్వ పక్కనే కల్లు పట్టే లొట్లు కడుగుతోంది. నా బాధ విని నాయిన నవ్వాడు.

“రెక్కల పామా ఏంది?”

“పాము కాదు నాయినా. ఏనుగు కంటె పెద్దగుంటది, నిప్పు కక్కుతది.”

“మరి ఏం తింటది?”

“గొర్లు, బర్లు.”

“రోజుకెన్ని?”

నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఓ ఇరవై అన్నాను నోటికొచ్చినట్టు.

“ఎవలయి గవి?”

“రాజుయి.”

“రాజుకాడ గొర్లుంటయా బిడ్డా? గొల్లోళ్లకాడ ఉంటయి. గట్లయితే పగోని ఊరు కాలకముందే సొంతూరి దొడ్లు ఖాళీ అయితయి. నీ డ్రాగన్ మొదలు మింగేది మనలనే.”

అవ్వ లొట్టి బోర్లించి నవ్వింది. నేను సంచిలోంచి కొత్త నోటుబుక్కు తీశాను. మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో శీర్షిక పెట్టుకున్నాను. అది చూసి నాయిన సర్దుకుని కూర్చున్నాడు. మా నాయిన మాటలను ఎవరైనా రాసుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

“సరే, ఎగురుతది, నిప్పు వెడతది. మరి దిగేది యాడ?”

“యాడనన్న దిగుతది.”

“ఎక్కుడు గొప్ప గాదు బిడ్డా. ఎక్కంగ కండ్లు పైనుంటయి, చేతులు ముంగటుంటయి. దిగంగ ఎన్కకు దిగాలె. కాలు కండ్లకు కనవడది. యాడ పెట్టాల్నో కాలుకే తెల్వాలె. పగోళ్లు బాణాలు వట్టుకొని మొగులుకు సూసుడు బేకార్. అది దిగే జాగ ఎరుక జేసుకొని గాడ కూసుంటె సాలు.”

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. యుద్ధం మొదటి రోజే ఎందుకు అయిపోదో తెలిసిపోయింది. డ్రాగన్ ఎంత ఎత్తు ఎగిరినా మళ్లీ ఎక్కడో ఒక దగ్గర దిగాలి, అలసిపోయి దిగాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని సామెత. తాడి పైకి పోయేవాడి చేతే ఆ రోజు నేను పాఠం చెప్పించుకున్నాను.

ఆ తర్వాత వారం తప్పించి వారం వెళ్లేదాన్ని. నాయిన నా కోసం ఆలోచించి పెట్టుకునేవాడు. చెట్టు మీద ఉన్నప్పుడు తడుతుందట. గాలి గురించి చెప్పాడు. గట్టి గాలికి తాటిచెట్టు ఎటు వంగుతుందో, అప్పుడు మోకును ఎట్లా పట్టాలో చెప్పి, అంతటి రెక్కలున్న జంతువు గాలివానలో చేటలా కొట్టుకుపోతుందన్నాడు. నిప్పు ఎవరి పంటో చూసి కాల్చదన్నాడు. కాల్చిన ఊరికి కావలి ఉండాలంటే మళ్లీ మనుషులే కావాలన్నాడు. అసలు డ్రాగన్‌ను నిప్పుకు వాడడమే తెలివితక్కువ పని అన్నాడు.

“పైకెంచి సూసుడే దాని పని. మీ తాత చెప్పెటోడు, ఎన్కట ఊరి మీదికి ఎవలన్న వస్తాంటె మొదలు కండ్లవడేది తాడి మీదున్నోనికే. ఒక్క కేక ఏస్తె ఊరు ఊరంత చేన్లల్లకు జారుకునేదట. తాత ఎవ్వలనీ కొట్టలె, సంపలె. సూసిండు, గంతే. మీ రాజుకు గీ అకల్ లేదు.”

నా కథ ఎత్తుకుంది. శ్రోతలు పెరిగారు. డ్రాగన్ ఆకాశంలో ఉన్నప్పుడు కాదు, దాని తిండి, నీళ్లు, నిద్ర, దిగే రాయి, వీటి చుట్టూ యుద్ధం నడిపాను. ఇలాంటివి ఎక్కడ నేర్చుకున్నారని ఒకరు అడిగితే చదువుకున్నాను అని జవాబిచ్చాను. చెట్టు పేరు చెప్పకుండానే కాయలమ్ముకునే రకాన్ని నేను.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తాళ్లెక్కే ఇళ్లలో కొన్ని మాటలు అనరు. కళ్లు తిరిగాయని, కాలు జారిందని, భయం వేసిందని చెట్టెక్కే మనిషి నోటితో అనకూడదు. చెట్టు వింటది అంటుంది అవ్వ. ఎవరైనా పడిపోతే కూడా పడ్డాడు అనరు, చెట్టు ఇడిసింది అంటారు. నాయిన కాటమయ్యకు మొక్కి మోకు భుజాన వేసుకునే వేళ అవ్వ తన నడుము నొప్పి మాట కూడా ఎత్తదు. నేను సైన్సు చదువుకున్న దాన్ని కదా, ఇదంతా చాదస్తం అనుకునేదాన్ని. కానీ చిన్నప్పటి నుంచి ఆ మాటలు వినకుండా పెరిగితే, అడగాలనే ఊహ కూడా మనసులోకి రాదు. నాయినా, చెట్టు మీద నీకు భయమైతదా అని నేను జన్మలో అడగలేదు.

డ్రాగన్ గురించి మాత్రం ఏం మాట్లాడినా తప్పు లేదు. డ్రాగన్ తాళ్లెక్కదు, చెట్టు వినదు. ఈ సంగతి నాయినకు ఎప్పుడు తోచిందో నాకు తెలియదు. చలికాలం మొదట్లో అనుకుంటాను.

“గా నిప్పు కక్కే జంతువుకు దూప ఎక్కువుంటది, రాస్కో” అన్నాడు ఒక ఆదివారం. “చెంబు మీద చెంబు తాగినా నాలుక తడారిపోతనే ఉంటది. తాగిన నీళ్లు తాగినట్టె పోతయి.”

నాకు వెంటనే ఉపాయం తట్టింది. శత్రువులు డ్రాగన్ దారిలో ఉన్న బావులన్నీ పూడుస్తారు. ఆ భాగానికి మంచి పేరొచ్చింది. మంచం కింద రెండు లీటర్ల సీసాలు రెండు ఖాళీగా పడి ఉండడం నేను చూశాను. చూసి, అవ్వకు చెప్పి వాటిని తీయించాను, ఇల్లు నీట్‌గా ఉండాలని.

ఇంకో వారం కళ్ల గురించి చెప్పాడు. పైనుంచి చూసే జంతువుకు చూపు మసకబారితే రాజుకు చెప్పదట, చెప్తే ఎగరనివ్వరని. పొగలో ఉన్నా, అందుకే కనబడట్లేదు అంటుందట. ఆయన అలా చెప్తుంటే అవ్వ చేతిలో పని ఆపి ఆయన వైపు చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది. చెట్టు వింటుందనే భయం అవ్వది. నాకు ఏ భయమూ లేదు, పెన్ను మాత్రం ఉంది.

శివరాత్రి దాటాక ఒక మధ్యాహ్నం నాయిన తాటివనం నుంచి ఒక కాలికే చెప్పుతో వచ్చాడు. అవ్వ గడపలోనే నిలబడి, “గదేంది, ఇంకో చెప్పేది?” అంది. నాయిన కిందికి చూసుకున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు నిజంగా తెలియలేదు. చెప్పు ఎక్కడ జారిందో, ఎంత దూరం వట్టి కాలితో వచ్చాడో తెలియలేదు. మరుక్షణం నవ్వేసి, “డ్రాగన్ గిట్లనే ఉంటది బిడ్డా, రాస్కో. దాని కాలు దానికి తెల్వది. రాయిని వట్టుకున్నదో లేదో, వంగి సూసుకుంటెనే ఎరుక” అన్నాడు.

నేను రాసుకున్నాను. కాలి కడియం జారిపోయినా గుర్తించని డ్రాగన్ అని, దాని కిందే రెండు గీతలు. చెప్పు జారిపోతే తెలుస్తుందా అని మొగుళ్లపల్లిలో ఎంతమందిని అడిగానో. మా వాకిట్లో ఒక మనిషి ఆ ప్రశ్నకు అడగకుండానే జవాబు చెప్పాడు, నేను దానికి కథలో ఎక్కడ చోటుందా అని వెతుక్కున్నాను.

మార్చి చివర్లో ఇంకోటి జరిగింది. అవ్వ పొయ్యి ముందు రొట్టె చేస్తోంది. నాయిన బీడీ ముట్టించుకోవడానికి వచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డాడు, నాతో మాట్లాడుతూ. ముందు వాసన వచ్చింది. తోలు కాలినట్టు, వెంట్రుకలు కాలినట్టు. రొట్టె మాడిందేమో అని అవ్వ పెనం ఎత్తింది. అప్పుడు చూశాం, నాయిన కాలు ఒక నిప్పు కణిక మీద ఉంది. ఆయన ఇంకా నాతో మాట్లాడుతూనే ఉన్నాడు.

అవ్వ ఆయన కాలు లాగి నీళ్లు పోసింది. ఏడుపు ఆపుకుంటూ తిట్టింది. నాయిన, “ఏం గాలె, తాళ్లెక్కీ ఎక్కీ కాలు మొద్దుబారింది, గంతే” అన్నాడు. అది నిజమే అనిపించింది నాకు. చిన్నప్పుడు ఆయన పాదాలు గీరితే గరుకుగా రాయిలా ఉండేవి. ఆ పాదాలు చూసి గర్వపడేదాన్ని. మందు రాసి కట్టు కట్టాను. సంచిలో షుగరు చూసే మీటరు ఉంది, ఎప్పుడూ ఉంటుంది. దాన్ని బయటికి తీసే ఆలోచనే రాలేదు. నా పక్కనే నోటుబుక్కు ఉంది, దాన్ని తీశాను.

కట్టుతోనే సాయంత్రం చెట్టెక్కాడు. ఈ మధ్య గీసేవాళ్లకు సేఫ్టీ మోకులు వచ్చాయి, నాయినకూ ఒకటి ఉంది. అది సంచిలోంచి బయటికి రాలేదు. కొత్త చెప్పు కరుస్తది బిడ్డా అని తాత నాటి పద్ధతిలోనే ఎక్కేవాడు.

కథలో ఆ నిప్పుకణికను నేను ఇలా వాడుకున్నాను. డ్రాగన్ దిగే రాయిని శత్రువులు కనిపెడతారు. దాని మీద నిప్పులు పరిచి పైన బూడిద కప్పుతారు. డ్రాగన్ వచ్చి దిగుతుంది. దానికి ఏమీ తెలియదు. కాళ్లు కాలుతుంటే అలాగే నిలబడి ఉంటుంది. ఎగరబోయేసరికి తోసేందుకు కాళ్లు ఉండవు. చుట్టూ దాక్కున్న సైన్యం లేస్తుంది. నేను పెట్టిన భాగాలన్నింట్లో జనం ఎక్కువ విన్నది అదే. ఏడ్చాం అని రాశారు. నాకు పట్టపగ్గాలు లేవు. ఆ ఆదివారం మధ్యాహ్నం నాయినను మంచం మీద కూర్చోబెట్టి, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టి మొత్తం వినిపించాను.

అయిపోయాక నాయిన ఫోను నా చేతికిచ్చాడు. లొట్లకు ఈగలు ముసురుతుంటే తువ్వాలతో తోలాడు.

“సంపినవా దాన్ని?”

“సావక ఏం జేస్తది నాయినా? దాని లోపాలన్ని నువ్వే జెప్పినవ్ గద.”

“దాన్ని సాకేటోనికి ఎరుకలేదా? రోజు తిండి వెడతడు, నీళ్లు వెడతడు, పక్క పొంటే ఉంటడు. కాళ్లు సూడలేదా?”

“సూస్తె కత యాడ నడుస్తది?”

“జర నాలుగొద్దులు దాన్ని ఎగురనియ్యకుండ్రి అని రాజుకు చెప్పకపోయిండా?”

నేను నవ్వాను. మంచి రచయిత్రిని కదా, నాకు నా కథ తెలుసు. “కాళ్లు పోయిన డ్రాగన్ యుద్ధానికి ఏం అక్కరకొస్తది నాయినా? తిండి దండుగ.”

నాయిన నా ముఖం వైపు చూశాడు. “అవు. గదీ నిజమే” అన్నాడు. లేచి గోడకున్న మోకు తీసుకున్నాడు. సాయంత్రం గీతకు అప్పటికి ఇంకా పొద్దుంది. ఆ రోజు ఎందుకు తొందరగా వెళ్లాడో నేను అడగలేదు. ఆయన వెనక నుంచి చూస్తే నడక మామూలుగానే ఉంది, కాకపోతే ప్రతి అడుగూ నేల వైపు చూస్తూ వేస్తున్నాడు.

ఈ ఒక్క మాటను వెనక్కి తీసుకోగలిగితే నా కథలన్నీ ఇచ్చేస్తాను. ఆరు నెలల్లో ఒక్కొక్కటిగా, చెట్టు వినకుండా, కన్నకూతురు మాత్రం వినేలాగ చెప్పుకుంటూ వచ్చాడు. చివరికి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, కాళ్లు పోతే నేనేం కావాలె అని. తిండి దండుగ అని నేను జవాబు చెప్పాను.

పది రోజులు గడిచాయి. పొద్దున ఎనిమిదిన్నర, ల్యాబు ముందు పరగడుపున వచ్చినవాళ్లు వరుసలో ఉన్నారు. ఒక ముసలాయన వేలికి సూది గుచ్చి, అలవాటుగా, “కాళ్లు మొద్దుబారినయా తాతా” అని అడుగుతున్నాను. ఫోను మోగింది. అవ్వ. అవ్వ ఆ వేళలో ఎన్నడూ చేయదు.

“బిడ్డా” అంది. ఊపిరి పీల్చుకుంది. “చెట్టు ఇడిసింది.”

నేను ఆ ముసలాయన వేలిని ఇంకా పట్టుకునే ఉన్నాను. రక్తం బొట్టు బల్ల మీద పడింది. ఆయనే దూది తీసుకుని అద్దుకుని, “పో బిడ్డా, పో” అన్నాడు.

జనగామకు రైల్లో అంతసేపూ నిలబడే ఉన్నాను. సీట్లు ఖాళీగా ఉన్నాయి, కూర్చోబుద్ధి కాలేదు. చేతిలో ఫోను ఊరికే వణుకుతోంది. అవ్వ అనుకుని చూస్తే యాప్. డ్రాగన్ చచ్చిపోయాక రాజు ఏం చేస్తాడు, తర్వాతి భాగం ఎప్పుడు అని అడుగుతున్నారు. ఫోను ఆపేస్తే అవ్వ చేసినప్పుడు తెలియదు, ఆపకపోతే ఇవి ఆగవు. కిటికీలోంచి అక్కడక్కడా తాళ్లు కనబడ్డాయి. వాటి మీద లొట్లు ఎండకు మెరుస్తున్నాయి. నేను కళ్లు మూసుకున్నాను.

దవాఖానలో నాయిన బతికే ఉన్నాడు. దిగేటప్పుడు జరిగిందట. సగం దాకా బాగానే దిగాడు. కాలు చెట్టును పట్టుకుంది అనుకున్నాడు, పట్టుకోలేదు. మోకు కొంత ఆపింది, తర్వాత చెట్టు మొదలు దాకా ఒరుసుకుంటూ జారాడు. తుంటి విరిగింది. ఛాతీ మీద తోలంతా లేచిపోయింది. నన్ను చూసి నవ్వబోయాడు. అవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని ఆయన చేయి పట్టుకుని ఉంది.

నేను సంచిలోంచి మీటరు తీశాను. నాయిన వేలు నా చేతిలోకి తీసుకోవడం అదే మొదటిసారి. మోకు పట్టీ పట్టీ గట్టిపడ్డ వేలు, సూది సరిగా దిగలేదు, రెండోసారి గుచ్చాను. మీటరు అంకె చూపించలేదు. షుగరు మరీ పైకి పోతే అది అంకె చూపించదు.

డాక్టర్ సారు వచ్చి తుంటి చూసి, తర్వాత దుప్పటి తీసి పాదాలు చూశాడు. ఎడమ పాదం కింద కట్టు విప్పాడు. కాలిన గాయం మానలేదు, నల్లబడి లోపలికి తిన్నది. దాని పక్కనే ఇంకో చిన్న రంధ్రం ఉంది. పట్టకారుతో అందులోంచి ఒక ముల్లు లాగాడు. వేలి కణుపంత ఉంది. ఎన్ని రోజుల నుంచి ఆయన దాని మీద నడిచాడో, దాంతో ఎన్నిసార్లు చెట్టెక్కాడో. ముల్లు లాగుతున్నప్పుడు నాయిన సారు ముఖం వైపే చూస్తున్నాడు, ఆయన ఏం చేస్తున్నాడో తెలియనట్టు.

“స్పర్శ ఎప్పట్నుంచి పోయింది?” అని సారు అవ్వను అడిగాడు. “దప్పిక, కళ్లు మసకబారడం, ఇవన్నీ ఎప్పుడు మొదలైనయి? ఏది ముందు, ఏది తర్వాత? ఎవరికన్నా చెప్పిండా?”

అవ్వ తల అడ్డంగా ఊపింది. మా ఇంట్లో ఆ మాటలు అనరని ఆయనకు ఎట్లా చెప్పాలో ఆమెకు తెలియలేదు. సారుకు కోపం వచ్చింది. ఇంత జరుగుతుంటే ఇంట్లో ఒక్కరికీ తెలియదా అన్నాడు.

“ఎందుకు తెల్వది సార్?” అన్నాడు నాయిన. గొంతు సన్నగా వచ్చింది, అయినా అందులో గర్వం ఉంది, పక్క మంచాల వాళ్లకు కూడా వినబడాలన్నట్టు. “మా బిడ్డకు ఎరుకే. అంతా రాసుకున్నది.”

సారు నా వైపు తిరిగి పెన్ను తీశాడు. చెప్పమ్మా అన్నాడు. నేను సంచిలోంచి నీలం అట్ట నోటుబుక్కు తీసి మొదటి పేజీ తిప్పాను. పైన పెద్ద అక్షరాలతో, నా చేతిరాతతో, డ్రాగన్‌ను చంపే దారులు అని రాసి ఉంది.